సీసం నిజంగానే బంగారం అవుతుందా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

సీసం నుంచి బంగారం చేశారన్న వార్త వచ్చినప్పటి నుంచి ఒక మూలకం ఇంకో మూలకంగా ఎలా మారుతుందని చాలామంది రాస్తున్నారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాం, పేర్లు వద్దన్నవాళ్ళు ఉన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న (ప్రొద్దుటూరు): మాది తరతరాలుగా బంగారం పని. విదేశాల్లో సీసాన్ని బంగారం చేసేశారని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది. నిజమేనా సార్? నిజమైతే రేపు మాలాంటి వాళ్ళ పరిస్థితి ఏంటి?

జవాబు: నిజమేనండీ. కానీ మీ పనికి ఏ ఢోకా లేదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, వీడియోలో సగమే చెప్పి వదిలేశారు.

జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ భూమి లోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో కణాల్ని దాదాపు కాంతి వేగంతో తిప్పుతారు. అప్పుడప్పుడు అందులో సీసం న్యూక్లియస్‌లని, అంటే పరమాణువు మధ్యలో ఉండే గింజ లాంటి భాగాల్ని, తిప్పుతారు, అవి ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటే ఏమవుతుందో చూడటం అసలు ఉద్దేశం, అయితే చాలాసార్లు అవి గుద్దుకోవు, ఒకదాని పక్క నుంచి ఒకటి దూసుకుపోతాయి. సీసం న్యూక్లియస్‌లో ప్లస్ ఛార్జ్ ఉన్న ప్రోటాన్లు 82 ఉంటాయి, అంత ఛార్జ్ అంత వేగంతో పక్క నుంచి వెళ్తే ఆ విద్యుత్ క్షేత్రం దెబ్బకి రెండో న్యూక్లియస్ కంపించిపోయి లోపలున్న కొన్ని ప్రోటాన్లనీ, ఛార్జ్ లేని న్యూట్రాన్లనీ వదిలేస్తుంది. ఒక ప్రోటాన్ పోతే అది ఇక సీసం కాదు, థాలియం. రెండు పోతే పాదరసం. మూడు పోతే 79 మిగులుతాయి, అదే బంగారం.

అలీస్ అనే ప్రయోగం వాళ్ళు దీన్ని కొలిచి 2025 మేలో ప్రకటించారు. 2015 నుంచి 2018 దాకా నడిపిన ప్రయోగాల్లో మొత్తం 8,600 కోట్ల బంగారం న్యూక్లియస్‌లు పుట్టాయి. సంఖ్య వింటే గుండె ఆగుతుంది కానీ బరువు చూస్తే 29 పికోగ్రాములు. ఒక గ్రాముని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో 29 ముక్కలన్నమాట. ఒక్క గ్రాము కావాలంటే అన్నేళ్ళ ప్రయోగాన్ని దాదాపు 3,400 కోట్ల సార్లు చెయ్యాలి. పైగా పుట్టిన బంగారం కూడా ఆ వేగంలోనే వెళ్ళి గొట్టం గోడకో అడ్డంగా పెట్టినదానికో తగిలి సెకనులో అతి చిన్న భాగంలోనే ముక్కలైపోయింది, ఎవరి చేతికీ రాలేదు.

ఇక అసలు విషయం. ఇది మీకు చెప్తే ఇంకెవరికన్నా బాగా అర్థమవుతుంది, ఎందుకంటే బంగారాన్ని చేత్తో పట్టుకుని పని చేసేవాళ్ళు మీరు. దాన్ని ఊదుగొట్టంతో ఊది కరిగిస్తారు, రాగి కలుపుతారు, యాసిడ్‌లో వేసి శుద్ధి చేస్తారు. కెమిస్ట్రీ పుస్తకాల్లో ద్రవరాజం అంటారు చూడండి, రెండు యాసిడ్లు కలిపినది, అందులో వేస్తే బంగారం మొత్తం కరిగిపోయి పసుపు రంగు నీళ్ళే మిగులుతాయి. చూసేవాడికి బంగారం పోయినట్టే ఉంటుంది, కానీ ఆ నీళ్ళలోంచి మళ్ళీ కిందకి దించితే పొడిగా మొత్తం వచ్చేస్తుంది. ఎందుకంటే యాసిడ్ పట్టుకున్నది పరమాణువు పై అంచున ఉండే ఎలక్ట్రాన్లని మాత్రమే, మధ్యలో ఉన్న న్యూక్లియస్ దగ్గరకి అది పోనేలేదు. బంగారం బంగారంగా ఉండటానికి కారణం ఆ న్యూక్లియస్‌లోని 79 ప్రోటాన్లు, అవి కదలనంతవరకు మీరు దాన్ని ఏం చేసినా బంగారమే. బంగారం 1,064 డిగ్రీలకి కరుగుతుంది, మీ కొలిమి ఇంకా ఎక్కువ వేడెక్కొచ్చు, అయినా న్యూక్లియస్‌ని కదిలించాలంటే కావాల్సిన శక్తి కెమిస్ట్రీలో తిరిగే శక్తి కన్నా సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ. తేడా అంతా అక్కడే ఉంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. అమెరికాలో బర్కిలీలో గ్లెన్ సీబోర్గ్ బృందం 1980లోనే బిస్మత్ అనే లోహం నుంచి బంగారం చేసింది, అదీ కొలవడానికి మాత్రమే సరిపోయేంత. ఈ సీబోర్గ్ గారి పేరు గుర్తుపెట్టుకోండి, కింద ఇంకో జవాబులో మళ్ళీ వస్తారు.

ప్రశ్న (కరీంనగర్ జిల్లా): సీసం సరే, పాదరసం నంబర్ 80, బంగారం 79. ఒక్కటే తేడా కదా, దాంతో సులువు కాదా? మా ఊళ్ళో ఒకాయన పాదరసంలో మూలికల పసరు పోసి బంగారం చేసి చూపించాడు, పెట్టుబడి పెట్టమని అడుగుతున్నాడు. వేమనకి కూడా ఈ విద్య తెలుసంటారు కదా?

జవాబు: ముందు ఒక మాట. దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, ఇప్పటికే ఇచ్చి ఉంటే పోలీసులకి చెప్పండి, మోసపోయామని సిగ్గుపడి ఊరుకుంటే రేపు ఇంకో ఇంటికి వెళ్తాడు.

ఆయన చూపించింది ఎలా చేస్తారో చెప్తాను. పాదరసానికి ఒక గుణం ఉంది, బంగారం దానిలో తేలిగ్గా కలిసిపోతుంది, కలిశాక పసుపు రంగు పోయి మొత్తం తెల్లగా వెండిలా కనపడుతుంది. ముందే అలా కొంచెం బంగారం కలిపి తెచ్చుకుంటే చూసేవాళ్ళకి అది మామూలు పాదరసమే. దాన్ని మీ ముందే పొయ్యి మీద పెట్టి వేడి చేస్తే పాదరసం ఆవిరైపోతుంది, అడుగున పసుపు రంగు తేలుతుంది. పసరుకి ఇందులో ఏ పనీ లేదు. పైగా ఆ ఆవిరి విషం, పీలిస్తే నరాలూ కిడ్నీలూ దెబ్బతింటాయి, ఆ గదిలో పిల్లలుంటే ఇంకా ప్రమాదం. వేమన గురించీ సిద్ధ నాగార్జునుడి గురించీ రసవాదం కథలు మనవాళ్ళు ఎప్పటినుంచో చెప్పుకుంటున్నారు, కథగా వినడానికి బాగుంటాయి, వాటిని చూపించి డబ్బులు అడిగేవాడిని మాత్రం నమ్మకూడదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. అది మంచి ప్రశ్న, పాదరసం నుంచి బంగారం నిజంగా వస్తుంది, కాకపోతే న్యూక్లియర్ రియాక్టర్ కావాలి. ప్రోటాన్‌ని న్యూక్లియస్‌లోకి దూర్చాలంటే ప్లస్‌కి ప్లస్ అడ్డుకుంటుంది. న్యూట్రాన్‌కి ఛార్జ్ లేదు కాబట్టి దాన్ని ఎవరూ ఆపరు, నెమ్మదిగా వెళ్ళినా లోపలికి పోతుంది, రోమ్‌లో ఎన్రికో ఫెర్మి 1934లో ఈ దారి పట్టుకునే ఒక్కో మూలకాన్నీ మార్చి చూశాడు. మామూలు పాదరసంలో ఏడు రకాల ఐసోటోపులు (ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్ల లెక్క మాత్రం మారే రకాలు, పేరు పక్కనున్న అంకె ఆ రెండిటి మొత్తం) కలిసి ఉంటాయి, వాటిలో పాదరసం-196 అనేది న్యూట్రాన్‌ని మింగి 197 అవుతుంది. అది నిలవలేదు, చుట్టూ ఉన్న తన ఎలక్ట్రాన్లలోంచే ఒకదాన్ని లోపలికి లాక్కుంటుంది, దాంతో ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారిపోతుంది, 80 కాస్తా 79 అవుతుంది. 64 గంటల్లో సగం అలా మారతాయి. వచ్చేది బంగారం-197, అంటే మీ ఇంట్లో గొలుసులో ఉన్న అచ్చమైన మామూలు బంగారమే.

మరి ఎందుకు చెయ్యట్లేదంటే ఆ 196 రకం పాదరసంలో 0.15 శాతమే ఉంటుంది. కిలో పాదరసం మొత్తం వాడినా ఒకటిన్నర గ్రాము దాటదు, దానికి రియాక్టర్ నడిపే ఖర్చు, మిగతా పాదరసంలో పుట్టే రేడియో ధార్మికత (న్యూక్లియస్‌లు తమంతట తామే మారుతూ కిరణాలు వదలడం), అన్నీ లెక్కేస్తే కొట్టుకి వెళ్ళి కొనుక్కోవడమే చవక. ఇంకో చిక్కు కూడా ఉంది, పుట్టిన బంగారం రియాక్టర్‌లోనే ఉండిపోతే అదీ న్యూట్రాన్‌ని మింగి బంగారం-198 అవుతుంది, రెండు రోజుల 17 గంటల్లో సగం చొప్పున పాదరసం అయిపోతుంది! అమెరికాలో 1940ల్లో కావాలనే ఈ పని చేశారు, బంగారాన్ని న్యూట్రాన్లతో కొట్టి స్వచ్ఛమైన పాదరసం-198 తీసి దానితో దీపాలు చేశారు, ఆ దీపం ఇచ్చే ఆకుపచ్చ రంగు కాంతి ఎంత కచ్చితంగా ఉంటుందంటే పొడవు కొలవడానికి దాన్నే ప్రమాణంగా వాడారు.

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని, రాజమండ్రి): రసాయన చర్యలో మూలకాలు మారవు అని మా మేడమ్ చెప్పారు. మరి మారతాయని మొదట ఎవరు ఎలా కనిపెట్టారు? రూథర్‌ఫర్డ్ నైట్రోజన్‌ని ఆక్సిజన్ చేశాడని ఒక బుక్‌లో ఉంది, కాదు బ్లాకెట్ అని ఇంకో బుక్‌లో ఉంది.

జవాబు: మీ మేడమ్ చెప్పింది కరెక్టేనమ్మా, "రసాయన చర్యలో" అన్న మాట మర్చిపోకు.

మొదటి కథ కెనడాలో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో. 1901లో అక్కడ రూథర్‌ఫర్డ్, సోడీ కలిసి థోరియం మీద పని చేస్తున్నారు. థోరియం నుంచి ఒక గ్యాస్ వస్తోంది, దేనితోనూ కలవని గ్యాస్, అది థోరియం కాదు. అంటే థోరియం తనంతట తానే ఇంకోటిగా మారుతోంది. సోడీ సంతోషం పట్టలేక ఇది మూలకం మార్పిడి అని అరిస్తే రూథర్‌ఫర్డ్ ఆ మాట వాడకు, మనల్ని రసవాదులనుకుని తల తీసేస్తారు అన్నాడట. ఇక్కడ మనిషి చేసిందేమీ లేదు, ప్రకృతి చేస్తున్నదాన్ని గుర్తుపట్టారు అంతే.

మనిషి చేతులతో చేసింది రెండో కథ, నీ రెండు పుస్తకాలూ అక్కడే తేడా పడ్డాయి. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ నైట్రోజన్ గ్యాస్‌లోకి ఆల్ఫా కణాల్ని, అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉన్న హీలియం న్యూక్లియస్‌లని, కొట్టాడు, లోపలినుంచి హైడ్రోజన్ న్యూక్లియస్‌లు, అంటే ప్రోటాన్లు, బయటికొస్తున్నాయని 1919లో ప్రచురించాడు. అయితే వెనకాల ఏం మిగిలిందో ఆయన చూడలేదు, ఆల్ఫా తగిలి నైట్రోజన్ విరిగిందనే అనుకున్నాడు. దాన్ని చూసింది కేంబ్రిడ్జ్‌లో పాట్రిక్ బ్లాకెట్. క్లౌడ్ చాంబర్ అని, కణం వెళ్ళిన దారిలో సన్నటి మంచు గీత పడే పెట్టె ఉంటుంది, దానికి 23,000 దాకా ఫోటోలు తీశాడు. వాటిలో సుమారు నాలుగు లక్షల ఆల్ఫా గీతలు, ఒక్కోటీ కూర్చుని చూస్తే కావలసింది దొరికినవి 8, అక్షరాలా ఎనిమిది. వాటిలో గీత రెండుగా చీలింది, సన్నటి పొడుగు గీత ప్రోటాన్‌ది, లావుపాటి పొట్టి గీత బరువైన న్యూక్లియస్‌ది. ఆల్ఫా గీత మూడోదిగా బయటికి రాలేదు. అంటే ఆల్ఫా లోపలే ఉండిపోయింది, నైట్రోజన్‌ని విరగ్గొట్టలేదు, దానిలో కలిసిపోయింది. లెక్క నువ్వే వేసి చూడు, నైట్రోజన్ 7, ఆల్ఫాలో 2, మొత్తం 9, ఒక ప్రోటాన్ పోయింది, మిగిలింది 8. ఎనిమిదంటే ఆక్సిజన్. ఇది 1925 సంగతి. కాబట్టి చేసింది రూథర్‌ఫర్డ్, వచ్చింది ఆక్సిజనే అని చూపించింది బ్లాకెట్, పరీక్షలో ఇలాగే రాయి. నాకైతే ఆ నాలుగు లక్షల గీతల్ని ఓపిగ్గా చూసిన పనే మొత్తం కథలో గొప్పగా అనిపిస్తుంది.

ఇంకోటి కూడా చదువుకో, 1934లో ఐరీన్ క్యూరీ, ఫ్రెడరిక్ జోలియో దంపతులు అల్యూమినియంని ఆల్ఫాతో కొట్టి ఫాస్ఫరస్ చేశారు, కొన్ని నిమిషాలే బతికే రేడియో ధార్మిక ఫాస్ఫరస్. ప్రకృతిలో దొరకని ఐసోటోపుల్ని కావాలంటే తయారు చేసుకోవచ్చని తేలింది అప్పుడే, హాస్పిటల్ వైద్యం అంతా దాని మీదే నడుస్తోంది.

ప్రశ్న (హైదరాబాద్): నాకు థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది, తర్వాత రేడియో అయోడిన్ ఇచ్చారు. కొన్నాళ్ళు ఇంట్లో పిల్లలకి దూరంగా ఉండమన్నారు, ఉన్నాను. కానీ లోపలికి పోయిన ఆ అయోడిన్ ఏమైనట్టు? జీవితాంతం ఒంట్లోనే ఉంటుందా అని భయంగా ఉంది.

జవాబు: ఉండదమ్మా, ఆ భయం పెట్టుకోకండి. మీకిచ్చిన అయోడిన్ కథ మొదటినుంచీ చెప్తాను.

మీకిచ్చింది అయోడిన్-131. మన దేశంలో దీన్ని ముంబై ట్రాంబేలో ధ్రువ రియాక్టర్‌లో తయారు చేస్తారు. టెల్లూరియం అనే మూలకం, నంబర్ 52, దాన్ని రియాక్టర్‌లో న్యూట్రాన్ల మధ్య పెడతారు. టెల్లూరియం-130 ఒక న్యూట్రాన్ మింగి 131 అవుతుంది, న్యూట్రాన్లు ఎక్కువైపోయాయి కాబట్టి వాటిలో ఒకటి ఎలక్ట్రాన్‌ని బయటికి విసిరేసి ప్రోటాన్‌గా మారిపోతుంది, ఆ విసిరిన ఎలక్ట్రాన్‌నే బీటా అంటారు. 52 కాస్తా 53 అయింది, అదే అయోడిన్. దాన్ని విడదీసి మందుగా చేసి పంపిస్తారు.

మన ఒంట్లో అయోడిన్ ఎక్కడికి పోతుందంటే థైరాయిడ్ కణాల దగ్గరకే, ఆపరేషన్ తర్వాత మిగిలిన చిన్న చిన్న ముక్కలు కూడా దాన్ని లాక్కుంటాయి. అక్కడ కూర్చుని అదీ ఒక బీటా విసురుతుంది, ఆ బీటా కండలో ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా దాటదు, అందుకే పక్కనున్న కణాల్ని మాత్రమే చంపుతుంది. దానితోపాటు గామా కిరణం కూడా వస్తుంది, అది ఒంట్లోంచి బయటికి వస్తుంది కాబట్టే పిల్లలకీ గర్భిణులకీ దూరంగా ఉండమన్నారు. బీటా విసిరిన వెంటనే 53 కాస్తా 54 అయింది, అంటే ఇక అది అయోడిన్ కాదు, జినాన్. జినాన్ దేనితోనూ కలవని గ్యాస్, రక్తంలో కలిసి ఊపిరితో బయటికి వెళ్ళిపోతుంది.

ఎనిమిది రోజుల్లో సగం ఇలా మారుతుంది, ఇంకో ఎనిమిదికి మిగిలినదాంట్లో సగం, 80 రోజులకి వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. అదీ ఒంట్లోనే ఉండిపోతేనే ఆ లెక్క, నిజానికి కణాలు పట్టుకోనిదంతా మొదటి రెండు మూడు రోజుల్లోనే యూరిన్‌లో పోతుంది, నీళ్ళు బాగా తాగమన్నది అందుకే. దూరంగా ఉండే రోజులు, మళ్ళీ ప్రెగ్నెన్సీ ఎప్పుడు అనేది మాత్రం మీకిచ్చిన డోసుని బట్టి మీ డాక్టరే చెప్పాలి, ఆ మాటే పాటించండి.

ఇందాక బిస్మత్ నుంచి బంగారం చేసిన సీబోర్గ్ గారి గురించి చెప్పాను కదా, ఈ అయోడిన్-131ని 1938లో జాన్ లివింగుడ్‌తో కలిసి కనిపెట్టింది కూడా ఆయనే. తర్వాత థైరాయిడ్ జబ్బుతో ఉన్న ఆయన తల్లికే అది మందయింది, దానివల్ల అమ్మ చాలా ఏళ్ళు బతికిందని ఆయన చెప్పుకునేవారు. మీరు కూడా నిండు నూరేళ్ళు బాగుండాలి.

ప్రశ్న (అనంతపురం): మందులేవీ తీసుకోని మామూలు మనిషి ఒంట్లో కూడా మూలకాలు మారతాయా?

జవాబు: మారతాయి, ఇది చదువుతుండగానే. అన్నం, అరటిపండు, కూరగాయలు అన్నిటిలో పొటాషియం ఉంటుంది, అందులో పదివేలలో ఒకటి పొటాషియం-40. పెద్దవాళ్ళ ఒంట్లో సెకనుకి నాలుగు వేలకి పైగా ఇలాంటి పరమాణువులు మారిపోతుంటాయి, దాదాపు 89 శాతం కాల్షియం అవుతాయి, మిగతావి ఆర్గాన్. మనం పీల్చే గాలిలో ఒక శాతం దాకా ఆర్గాన్ ఉంది కదా, అదంతా దాదాపుగా భూమిలోని పొటాషియం నుంచి కోట్ల ఏళ్ళలో వచ్చిందే. దీనికి భయపడక్కర్లేదు, మనిషి పుట్టినప్పటినుంచీ ఉన్నదే, అరటిపండు మానకండి.

ప్రశ్న (గుంటూరు): హీలియంని మా గుంటూరులోనే కనిపెట్టారని గర్వంగా చెప్పుకుంటాం. బెలూన్లలో నింపే హీలియం సూర్యుడి నుంచి వచ్చిందా?

జవాబు: గర్వపడాల్సిందే, కాస్త సవరణతో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు, సూర్యుడి అంచు మీది మంటల కాంతిని విడదీసి చూశాడు, గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని మర్నాడే చూపించాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూసిన పాగ్సన్ ఒక పసుపు గీతని గమనించాడు. అది కొత్త మూలకం అన్నది ఇంగ్లండ్‌లో లాకియర్. భూమి మీద అది దొరికింది 1895లో, రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజంలోంచి తీశాడు.

యురేనియంలోంచే ఎందుకు వచ్చిందనేదే మీ ప్రశ్నకి జవాబు. సూర్యుడిలో హైడ్రోజన్ కలిసి హీలియం అవుతుంది, సెకనుకి 60 కోట్ల టన్నుల దాకా. ఆ హీలియం అక్కడే ఉంది. మన బెలూన్‌లోది వేరే దారిలో పుట్టింది. యురేనియం-238 సీసం-206గా మారేలోపు ఎనిమిది ఆల్ఫాలు, ఆరు బీటాలు వదులుతుంది. 92లోంచి ఎనిమిది రెళ్ళు 16 తీసేసి 6 కలపండి, సరిగ్గా 82. ఆ ఎనిమిది ఆల్ఫాలూ ఎనిమిది హీలియం న్యూక్లియస్‌లే, ఎలక్ట్రాన్లు దొరకగానే గ్యాస్ అయిపోతాయి. రాళ్ళలో యురేనియం, థోరియం వదిలిన ఆ గ్యాస్ భూమి లోపల సహజ వాయువుతో కలిసి చిక్కుకుంటుంది, అక్కడినుంచే తీస్తారు. ఒక జాగ్రత్త చెప్పాలి, ఫంక్షన్లలో చవగ్గా వస్తుందని హైడ్రోజన్ నింపిన బెలూన్లు కూడా ఇస్తుంటారు, మంట తగిలితే అంటుకుంటాయి, పిల్లల పుట్టినరోజు క్యాండిల్స్ దగ్గర అసలు పెట్టకండి.

ప్రశ్న (శ్రీకాకుళం): మా తీరం ఇసుకలో థోరియం ఉందంటారు. దాన్ని యురేనియం చెయ్యొచ్చా? ఆ నల్ల ఇసుక మీద నడిస్తే ప్రమాదమా?

జవాబు: చెయ్యొచ్చు. థోరియం 90, న్యూట్రాన్ మింగాక సగం 22 నిమిషాల్లోనే 91వ నంబర్ ప్రోటాక్టినియం అవుతుంది, అది 27 రోజుల్లో సగం చొప్పున 92 అవుతుంది, అదే యురేనియం-233, మంచి ఇంధనం. కల్పాక్కంలో 1996లో మొదలైన కామిని అనే చిన్న రియాక్టర్ నడిచేది దానితోనే. మన అణు కార్యక్రమంలో మూడో దశ మొత్తం ఈ థోరియం మీదే ఆధారపడింది, అయితే ముందు న్యూట్రాన్లు ఇవ్వడానికి యురేనియమో ప్లుటోనియమో ఉండాలి, థోరియం ఒక్కటే పెడితే రియాక్టర్ అంటుకోదు, అందుకే ఇంత కాలం పడుతోంది.

నల్లగా కనపడేది ఎక్కువగా ఇల్మెనైట్, అది టైటానియం ఖనిజం. థోరియం ఉన్న మోనజైట్ తేనె రంగులో దానితో కొద్దిగా కలిసి ఉంటుంది. నడిస్తే, పిల్లలు కాసేపు ఆడుకుంటే ఏమీ కాదు. ఆ ఇసుకని సంచుల్లో ఇంటికి తెచ్చి దాచుకోవడం మాత్రం వద్దు, మోనజైట్ తవ్వకానికీ అమ్మకానికీ ప్రభుత్వ అనుమతి ఉండాలి.